అన్న మంచం కింద నీళ్ళ గిన్నెలు

తొలకరి పడిన మర్నాడు బన్సీలాల్‌పేట్ మెట్లబావి గోడ వారన రెక్కలు రాల్చుకుంటూ తిరుగుతున్న ఎర్రచీమ రాణులను ఏరి తెచ్చాను. కుడితే నిప్పు అంటించినట్టు మండి, మర్నాటికి చీముపొక్కు లేచే జాతి. వీటినెందుకు తెచ్చావని నవ్వినవాళ్ళంతా డిగ్రీలున్నవాళ్ళే. తన ఇంటి గోడలో ఏది కాపురముంటుందో తెలియని చదువు ఏం చదువు? నేను బడి మానేసింది చిన్నప్పుడే. ఆ తర్వాతి చదువంతా పాత పుస్తకాల బండ్ల మీదా, ఈమధ్య ఫోన్‌లోనూ.

గాజు గొట్టం అడుగున నీళ్ళు, వాటి మీద దూది, దూది పక్కన రాణులు. తిండి పెట్టకూడదు. రెక్కల కండ కరిగించుకుని అవే పిల్లల్ని సాకుతాయి. నాలుగింటిని కలిపి ఉంచితే తొలి సంతానం త్వరగా ఎదుగుతుందని చదివి, అలాగే ఉంచాను.

చిలకలగూడలో అన్న ఇంట్లోనే నేనూ ఉంటాను. పక్షవాతంతో ఆయనకు కుడిపక్క పడిపోయింది, మాట ముద్దయింది. స్పష్టంగా పలికేది ‘తమ్మీ’ ఒక్కటే. ఆయనకు కాలక్షేపంగా ఉంటుందని గొట్టాన్ని మంచం పక్క బల్ల మీదే పెట్టాను. కూలిచీమలు పుట్టాయి. పుట్టిన కొన్నాళ్ళకే ఒక్క రాణిని ఉంచుకుని, మిగతా తల్లులను కాళ్ళు పట్టి ఈడ్చి చంపేశాయి. అన్న రెప్ప వేయకుండా చూశాడు. నాకు మాత్రం అప్పుడే మొదటిసారి వాటిని చూస్తే భయం వేసింది.

మంద పెరిగాక ప్లాస్టిక్ డబ్బాలోకి మార్చి, ఎక్కి రాకుండా లోపలి గోడలకు పౌడరు పూశాను. వానాకాలం తేమకు పౌడరు నిలవదు. అందుకని మా అమ్మ జాలీ బీరువాకు చేసినట్టే బల్ల కాళ్ళ కింద నీళ్ళ గిన్నెలు పెట్టాను. ఇక నా ధైర్యమంతా ఆ నీళ్ళే.

ఒకరోజు వాటి కోసం మోండా మార్కెట్ నుంచి ఎండురొయ్యలు తెచ్చేసరికి, వాకిట్లో ఎండలో గిన్నెలు బోర్లించి ఉన్నాయి. తోమి మరీ పెట్టింది వదిన. డెంగ్యూ దోమల సంగతి చెప్పేవాళ్ళు వచ్చి, నిలవ నీళ్ళు పారబోయమన్నారట. కూలర్‌తో పాటు నా గిన్నెలూ ఖాళీ అయ్యాయి.

లోపలికి పరుగెత్తాను. డబ్బా అంచు మీదుగా, బల్ల కాలి వెంట, నేల మీద ఎర్రటి దారం పరిచినట్టు వరస. అది మంచం కోడెక్కి, దుప్పటి మీదుగా అన్న మెడకు చేరింది. పొద్దున తాగించిన రాగిజావ ఆయన గడ్డం మీద ఎండిపోయి ఉంది. దాని చుట్టూ మూగాయి. ఒకటి పెదవి మీద ఉంది. అందుకే అన్న నోరు తెరవలేదు. కళ్ళు మాత్రం నా వైపే ఉన్నాయి.

ఊపిరి తగిలినా, చెయ్యి విదిలించినా అన్నీ ఒక్కసారే కుడతాయి.

“కదలకు అన్నా” అన్నాను. కదల్లేని మనిషితో!

గొంతు పెంచకుండా వదినను పిలిచి జావ తెమ్మన్నాను. వచ్చి చూసి కొంగు నోట్లో కుక్కుకుంది. అట్టముక్కకు జావ పూసి, రొయ్య నలిపి చల్లి, మెడ పక్కన ఆనించి కూర్చున్నాను. ఒకటి మళ్ళింది. దాని వెనక ఇంకొకటి. నా చెమటచుక్క జారి ఎక్కడ పడుతుందోనని తల వెనక్కి లాక్కున్నాను. చివరికి పెదవి మీది చీమ మిగిలింది. అది కుట్టింది. అన్న ఎడమచెయ్యి దుప్పటిని పిడికిట పట్టింది గానీ తల కదలలేదు.

అన్నీ అట్ట మీదికి దిగాక వదినను నిలదీద్దామని లేచాను. ఆమే ముందు అందుకుంది.

“దోమలు కుడ్తయని భయపడి పారబోసిన. నువ్వేమో మనిషిని కుట్టేటియి ఇంట్ల సాకుతున్నవ్. ఇగ నేనెవర్ని తిట్టాలె, చెప్పు?”

వంటింట్లోకి వెళ్ళి నీళ్ళు మరిగించాను. గిన్నె డబ్బా మీదికి వంచుతుంటే వెనక నుంచి “తమ్మీ” అని వినబడింది. వద్దన్నట్టు ఎడమచెయ్యి ఊపుతున్నాడు. పెదవి అప్పటికే వాచింది.

పోసేశాను.

పొద్దున్నే ఖాళీ బల్ల వైపు చూస్తాడు అన్న. నేను మంచంకోళ్ళ వైపు చూస్తాను. గిన్నెలు ఇప్పుడు వాటి కింద ఉన్నాయి. దోమలు పుడతాయని వదిన మళ్ళీ పారబోయకుండా వాటిలో చుక్క కిరసనాయిలు కూడా వేస్తున్నాను. రాణి పోతే బయట మిగిలిన కూలిచీమలు ఎక్కువ రోజులు బతకవని చదివాను. చదివింది నమ్మేవాణ్ణే. అయినా జావ తాగించాక అన్న గడ్డం తడిబట్టతో తుడిచి, పొడిబట్టతో తుడిచి, వంగి మళ్ళీ చూస్తాను.