యాభై పొద్దుల ఎండ

పోయినవాటిని లెక్క వేస్తే ఇలా వస్తుంది: రెండు గదుల క్వార్టరు ఒకటి, దాని వెనక తూర్పుకు తిరిగిన సున్నపు గోడ ఒకటి, గోడ కింద బొగ్గుల పొయ్యిలు రెండు, పొయ్యిల చుట్టూ పరిచే గోనెసంచులు ఏడు, వాటి మీద కూర్చునే ముసలివాళ్లు ఏడుగురు, వాళ్లలో మా తాత ఒకడు. ఈ లెక్కను నేను దోహాలో, మా లాండ్రీ బస్సు ఆగేచోట, కరక్ చాయ్ కొట్టు ముందు నిలబడి వేస్తున్నాను. చలి ముదిరిందని కొట్టువాడు రేకు డబ్బాలో బొగ్గులు రాజేశాడు. అది కట్టె బొగ్గు, మా ఊరి రాతి బొగ్గు వాసన దానికి రాదు. అయినా సముద్రం మీది నుంచి వచ్చే చల్లగాలిలో ఆ పొగ ముక్కుకు తగలగానే మళ్లీ ఎనిమిదేళ్ల పిల్లనైపోతాను.

మాది బొగ్గు గనుల ఊరు. గనిని అక్కడ బాయి అంటారు. తాత ముప్పై ఏళ్లు బాయి దిగి రిటైరయ్యాడు. మొదటి పాళీ, అంటే పొద్దుటి షిఫ్టు అయితే చలికాలం పొద్దు పొడవకముందే దిగాలి, రాత్రి పాళీ అయితే తెల్లవారి పైకి వచ్చి పడుకోవాలి. ఉదయపు ఎండ చూడగలిగేది మధ్యాహ్నం మొదలయ్యే రెండో పాళీ వారాల్లోనే. చలికాలంలో అలా పోయిన పొద్దులు ఏడాదికి అరవై అని తాత తేల్చాడు. ముప్పై ఏళ్లకు పద్దెనిమిది వందలు. బాయి తనకు అన్ని పొద్దుల ఎండ బాకీ ఉందనీ, తీరిగ్గా కూర్చుని వసూలు చేసుకుంటాననీ చెప్పి, రిటైరైన మొదటి చలికాలం నుంచీ ఎండ కాచుకున్న ప్రతి ఉదయానికీ ఆ గోడ మీద బొగ్గుతో ఒక గీత గీసేవాడు. పది గీతలకు ఒక వరుస.

ఆ ఉదయాల్లో గడ్డి మీద మంచు తెల్లగా పేరుకుని, నడిస్తే అరికాళ్లు మండేవి. నాయనమ్మ పొయ్యి మీద అనపకాయలు ఉడకబెట్టేది, నిప్పుల్లో పల్లికాయలు కాల్చేది, జొన్నరొట్టె మీద ఎల్లిపాయ కారం రాసి అందరికీ ముక్కలు పంచేది. ముసలివాళ్లు చెవులకు తువ్వాళ్లు చుట్టుకుని, స్టీలు గ్లాసులను రెండు చేతులతో పట్టుకుని, తాగడం కంటే వేళ్లు కాచుకోవడమే ఎక్కువగా, ఒక్క చాయ్‌ని అరగంట తాగేవారు. నేల మీద గీతలు గీసి, గవ్వలేసి అష్టాచెమ్మా ఆడేవారు. వాళ్లకు అన్నిటికంటే ఇష్టమైన సుఖం మాత్రం వేరే ఉంది. పొద్దెక్కాక బాయి కూత పెట్టినప్పుడు ఆట ఆపి, ఆ కూత పూర్తిగా అయిపోయేదాకా విని, ఒక్కరూ లేవకుండా కూర్చోవడం.

"లే మామా, నీ పాళీ అయితంది. మస్టర్ పోతది!" అని, హాజరు పడదన్నట్టు, ఒకడు తాతను ఎగతాళి చేసేవాడు.

"నా మస్టర్ గోడ మీద వడ్డది. నువ్వు గవ్వలెయ్యి," అనేవాడు తాత.

నవ్వు మొదలయ్యేది, దగ్గుగా మారేది. ఉమ్మితే నల్లగా పడేది. మొదటి చలికాలం ఏడు సంచులు, రెండో దానికి ఆరు, మూడో దానికి నాలుగు. ఖాళీ అయిన సంచులను నాయనమ్మ దులిపి మడిచి లోపల పెట్టేది. మిగిలినవాళ్లు పొయ్యికి ఇంకాస్త దగ్గరగా జరిగేవారు.

నాలుగో చలికాలం మొదలయ్యేసరికి గోడ మీద రెండు వందల డెబ్బై అయిదు గీతలున్నాయని తాత చెప్పాడు. నాకు వంద దాటి లెక్క రాదు. ఆ రోజు ఎవరితోనో అంటున్నాడు, "ఈ బాకీ తీరినంక ఇగ నాకేం పని? నిమ్మలంగ పోత." పద్దెనిమిది వందలు ఎంత దూరమో తెలియని నాకు ఆ గోడ దాదాపు నిండినట్టే కనిపించింది. మధ్యాహ్నం తాత కునుకు తీస్తుండగా లంగా అంచు తడిపి, నాకు అందినంత మేర కింది వరుసలన్నీ తుడిచేశాను.

మర్నాడు ఉదయం తాత గోడ ముందు చాలాసేపు నిలబడ్డాడు.

"బాయిల దొరలు మస్టర్ కొట్టేసుడు సూసిన గని, ఇంట్ల మనుమరాలు కొట్టేసుడు గిప్పుడే సూస్తున్న. ఎందుకు తుడిసినవే?"

"గోడ నిండితే పోతనంటివి గద."

తాత నవ్వలేదు. కూర్చుని నన్ను దగ్గరికి లాక్కున్నాడు. "ఎన్ని వరుసలు తుడిసినవ్?"

"అయిదు."

"అయిదు పదులెంత?"

వేళ్లు మడిచి, మళ్లీ తెరిచి, చాలాసేపటికి చెప్పాను. "యాభై."

"గట్లయితే యాభై పొద్దులు నేన్నీకు బాకీ వడ్డ బిడ్డా. అవి నీ పక్కన కూసోని కాగకుంట యాడికి వోను. సరేనా?"

నేను నేర్చుకున్న మొదటి ఎక్కం అది. అయిదో తరగతి దాటి బడికి పోలేదు. మిగతా లెక్కలన్నీ ఆ గోడ దగ్గరి నుంచే నాకు నేను నేర్చుకున్నాను.

ఆ రోజు నుంచి గీత గీసే పని నాది. పది, ఇరవై. ఇరవై తర్వాత తాత గడప దాటడానికి రెండుసార్లు ఆగేవాడు. ముప్పై దగ్గర నాయనమ్మా నేనూ మంచాన్ని చెరోవైపు పట్టుకుని గోడ దాకా ఈడ్చేవాళ్లం. మాట్లాడితే ఆయాసం, అందుకని మాటలు మానేసి, కళ్లు మూసుకుని, ముఖం ఎండకు తిప్పి పడుకునేవాడు. బాయి కూత వినపడితే మాత్రం పెదవి కొంచెం కదిలేది. చివరికి పక్కన వేరే సంచి ఏదీ లేదు, నాదే ఉండేది.

ముప్పై ఏడో గీత తర్వాత రెండు రోజులు మంచు విడవలేదు. రెండో ఉదయం ఎదురింటి గోడ కూడా కనిపించలేదు. అయినా మంచం బయటికి లాగమన్నాడు. ఎండ లేకపోయినా పక్కన కూర్చున్నాం కదా అని నేను బొగ్గు తీసుకుని లేచాను. తాత నా మణికట్టు పట్టుకున్నాడు. ఆ చేయి పొయ్యి పక్కనే ఉండి కూడా చల్లగా ఉంది.

"దొంగ మస్టర్ వద్దు బిడ్డా. ఎండ రానీ."

ఎండ మధ్యాహ్నం పూట వచ్చింది. అప్పటికి తాత లేడు.

తర్వాత మా క్వార్టర్ల కింద కూడా బొగ్గు ఉందని తేలి, నేలను పైనుంచే తవ్వేసే ఓపెన్ కాస్టు కోసం బాయి మూసి, అందరినీ ఖాళీ చేయించారు. గోడ ఉన్నచోట ఇప్పుడు లోతైన గొయ్యి ఉంది. ఊళ్లోవాళ్లు నేను దుబాయ్‌లో ఉన్నాననే అనుకుంటారు. నేనుండేది ఇక్కడ దోహాలో, వెస్ట్ బే హోటళ్ల నుంచి వచ్చే దుప్పట్లూ తువ్వాళ్లూ లెక్కపెట్టే గదిలో. ఆ గదికి కిటికీ లేదు. చీకటి ఉండగానే ఎక్కించుకుపోయే బస్సు మళ్లీ చీకటి పడ్డాకే దింపుతుంది. శుక్రవారం తప్ప నాకూ ఉదయపు ఎండ లేదు.

"ఏం లెక్కవెడ్తున్నవమ్మా పొద్దుగాల్నే? యల్లా, ఎక్కు! డ్యూటీకి లేటయితది," అని డ్రైవర్ మౌలా భాయ్ హారన్ కొడుతున్నాడు. నిజామాబాద్ మనిషి. ఈ నెలాఖరుకు రిటైరై ఇంటికి పోతున్నాడు. పోయి ఏం చేస్తావని అడిగితే, ఏమీ చేయనని సంబరంగా చెప్పాడు.

బస్సెక్కి కూర్చున్నాను. బాయి తాతకు బాకీపడ్డ పద్దెనిమిది వందల్లో ఆయన నాలుగు చలికాలాల్లో రాబట్టుకున్నవి మూడు వందల పన్నెండు. మిగిలినవి పద్నాలుగు వందల ఎనభై ఎనిమిది. అడిగేవాడూ లేడు, ఇచ్చే బాయీ లేదు, ఆ లెక్క ఎప్పుడో మూసేశాను. తాత నాకు బాకీపడ్డది మాత్రం మూయలేకపోయాను. యాభైలో ముప్పై ఏడు ముట్టాయి. ఇంకా రావలసినవి పదమూడు.