చెయ్యెత్తినవాళ్లు

నాయుడుపేట డ్రిల్లు టీచరు అబిగయీలు సెలవొస్తే పదిమంది కుర్రకారును వెంటేసుకుని సముద్రపొడ్డునే నడుస్తుంది. ముందు నడవదు. అందరికంటే వెనక, చెప్పులు చేతబట్టుకుని, తడి ఇసకను కర్రతో పొడుస్తూ వస్తుంది. ఏ దారిన పోవాలో తేలనప్పుడు ఆమెది ఒకటే మాట: "బయమేసినోళ్లు చెయ్యెత్తండి." ఒక్క చెయ్యి లేచినా చుట్టుదారే. ఎందుకని అడగదు, ఎవర్నీ అడగనివ్వదు.

ఆ సాయంత్రం కాలవ సముద్రంలో కలిసేచోట అందరూ ఆగిపోయారు. రాత్రికి పడుకోవాల్సిన వాళ్ల గుడారాలు అవతలి సరుగుడు తోపులో ఉన్నాయి. పొద్దున మోకాలి లోతులో దాటిన నీళ్లు ఇప్పుడు పోటెక్కి సుడి తిరుగుతున్నాయి. వంతెన మీదుగా చుట్టి పోతే చీకటి పడుతుంది. "పొద్దన దాటినాం గదక్కా, తాడు పట్టుకుని పోదాం," అన్నాడు అందరిలోకీ బలశాలి పెంచలకృష్ణ, తాడు విప్పుతూ. అబిగయీలు నీళ్లలో కర్ర మోపింది. కర్ర కింద ఇసక జారిపోయింది. "బయమేసినోళ్లు చెయ్యెత్తండి," అంది. ఎవరూ ఎత్తలేదు. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అప్పుడామె కర్రను గట్టున గుచ్చి, ఎన్నడూ ఎత్తని తన చేతిని బడిపిల్లలా నిటారుగా ఎత్తింది. కాసేపటికి ఆమె పక్కన నిలబడ్డ సుప్రియ చెయ్యి లేచింది. తర్వాత ఒక్కొక్కటే మిగతావీ లేచాయి. అన్నిటికన్నా చివర, తాడు కింద పడేసి, పెంచలకృష్ణది.