గాదెలో దొరికిన టీకాల ఉద్యోగి

ఆ రోజుల్లో ధైర్యమనేది ఎదుటివాడికి ఉండవలసిన గుణమని నా గట్టి నమ్మకం. స్వరాజ్యం ఇంకా రాలేదు. గురజాల చుట్టుపక్కల పల్లెల్లో మశూచి టీకాలు వేయడం నా ఉద్యోగం. కొత్తది, ఖాయం కాలేదు. నేను ఊళ్లో అడుగుపెట్టానంటే చాలు, పిల్లల్ని ఖాళీ జొన్న గాదెల్లో దాచేసేవారు. నేను నేరుగా వెళ్లి గాదె మూత తీసి, "చీమ కుట్టినట్టుంటుంది, అంతే" అని బెల్లం ముక్క చేతిలో పెట్టేవాణ్ణి. (గాదె రహస్యం నాకెలా తెలుసంటారా? చిన్నప్పుడు మా నాయనమ్మ నన్నూ అందులోనే దాచింది. ఆవిడ పుణ్యాన నాకు టీకా పడనే లేదు. ఉద్యోగంలో చేరేటప్పుడు ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.)

నన్ను ఖాయం చేయాలో ఇంటికి పంపాలో తేల్చడానికి ఒకనాడు మా టీకాల ఇన్‌స్పెక్టరుగారే నా వెంట వచ్చారు. ఊళ్లో ఒక్కరూ టీకాకు రాలేదు. నేను దర్జాగా ఒక అవ్వ ఇంట్లో దూరి, గాదె మూత తీసి, లోపల నక్కిన మనవరాలిని ఆయనకు చూపించాను. అవ్వ అడ్డం నిలబడింది. "ఏంది నాయనా, చానా చెప్తున్నావే! ముందు నీ టీకా మచ్చ చూపీ."

"చూపించవయ్యా" అన్నారు ఇన్‌స్పెక్టరుగారు గర్వంగా. ఒక చేయి చూపించాను. రెండోదీ చూపించాను. ఉంటే కదా! ఆయన మొహం జేవురించింది. "కూర్చో, నేనే వేస్తాను" అని సూది తీశారు. రోజూ నేనే తుడిచి పెట్టే ఆ సూది మొన నావైపు తిరగడం అదే మొదటిసారి. ఆ తర్వాత సంగతి నా కాళ్లనడగాలి. కళ్లు తెరిచేసరికి గాదెలో ఉన్నాను.

"జరుగు మామా, ఇరుగ్గా ఉంది" అంది మనవరాలు.

అవ్వ పైనుంచి తొంగి చూసి, "ఈడున్నాడయ్యోయ్!" అని కేకేసింది. మళ్లీ జాలిపడి, "భయపడమాక నాయనా, చీమ కుట్టినట్టుంటదంట" అని చేయి పట్టి లేపింది.

టీకా పడగానే నేను పెట్టిన గావుకేకకు ఊరంతా వాకిట్లో చేరింది. ఉద్యోగం పోయిందని నేను ఏడుస్తుంటే వాళ్లు పడీ పడీ నవ్వారు. మనవరాలు వచ్చి, "నేను మామలాగా అరవను" అని చేయి చాపింది. దాని వెనక ఊరు వరస కట్టింది. ఇన్నాళ్లూ నా ధైర్యవచనాలు చేయలేని పని నా ఏడుపు చేసిపెట్టింది. "దీన్ని కాగితం మీద ఎట్లా రాయాలయ్యా!" అని ఇన్‌స్పెక్టరుగారు తల పట్టుకుని, చివరికి నా ఉద్యోగం ఖాయం చేయమనే రాశారు.

ఆ తర్వాత ఏ ఊరు వెళ్లినా ముందు నా మచ్చ చూపించి, గాదె కథ చెప్పేవాణ్ణి. ఇప్పుడు మశూచీ లేదు, ఆ అవ్వా లేదు. తలుచుకుంటే మనసు కలుక్కుమంటుంది. మచ్చ మాత్రం మిగిలింది. మొన్న నా జ్వరానికి డాక్టరు సూది తీస్తే, నా చూపు అదే పనిగా గది మూలలు వెతికింది. ఈ కాలపు ఇళ్లలో ఒక్క గాదె అయినా కట్టరు కదా!