బాపు కోసం చేసిన చెక్క డ్రమ్ము

మా బాపు సిరిసిల్లలో ఏళ్ల తరబడి సాంచాలు నడిపాడు. కరెంటుతో నడిచే ఆ మగ్గాల మోతలో మాట వినపడదు కాబట్టి షెడ్డులో అందరూ చేతులతో, పెదవులతోనే మాట్లాడుకుంటారు. పని మానేసి కోరుట్లలో నా దగ్గరికి వచ్చాక కూడా ఆయన ఎదుటివాళ్ల మూతినే చూస్తూ ఉండేవాడు. జగిత్యాలలో చెవుల డాక్టరు ఉన్నాడు, పోదాం అంటే మాత్రం ఒంటికాలి మీద లేచేవాడు.

"నాకేమైంది? మంచిగనే ఇనవడ్తది" అనేసి, మా పాపను మోపెడ్ ఎక్కించుకుని మెయిన్ రోడ్డు మీదుగా బడికి తీసుకుపోయేవాడు. వెనక లారీ హారన్ కొట్టినా తాత పక్కకు జరగడని పాపే నాకు చెప్పింది. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు నిద్ర లేదు.

ఖాళీ దొరికితే నేను చెక్కపని చేస్తుంటాను. అప్పుడే టంగ్ డ్రమ్ అనే వాద్యం చేయడం మొదలుపెట్టాను. టేకు పలకలతో అన్ని వైపులా మూసిన పెట్టె అది. పైపలకలో జిగ్సా రంపంతో గాట్లు కోస్తే నాలుకల్లాంటి పట్టీలు వస్తాయి. పొడుగు పట్టీని కొడితే గంభీరంగా, పొట్టిదాన్ని కొడితే సన్నగా మోగుతుంది. తొందరలో ఒక పట్టీని విరగ్గొట్టుకుని, పైపలక మళ్లీ మొదటి నుంచీ కోశాను. బాపు కోసం చేస్తున్నానని ఇంట్లో చెప్పాను. నిజానికి చెవుడు దాస్తున్న ఆయన్ని పట్టుకోవడానికి చేస్తున్నాను.

అది పూర్తయిన రోజు సాయంత్రం పెట్టెను ఆయన ముందు పెట్టి, రబ్బరు బంతి గుచ్చిన పుల్లతో వాయించాను. తల ఊపాడు. ఆ తర్వాత పుల్లను చెక్కకు తాకనివ్వకుండా గాలిలోనే ఆడించాను. చప్పుడు లేదు. బాపు తల ఊపుతూనే ఉన్నాడు.

"ఎట్లున్నది బాపూ?"

"మస్తుగున్నది బిడ్డా. కొట్టు, ఆపకు."

దొరికాడు అనుకున్నాను. ఆ వెంటనే పుల్ల దించేశాను. కన్నతండ్రికి ఉచ్చు పన్నే బుద్ధి నాకెక్కడి నుంచి వచ్చింది? సిగ్గుతో, చేసింది కప్పిపుచ్చుకోవాలని, ఈసారి నిజంగానే గట్టిగా వాయించాను.

ఆయన ముందుకు వంగి పెట్టె మీద అరచెయ్యి ఆనించాడు. సాంచా సరిగ్గా నడుస్తున్నదో లేదో షెడ్డులో వాళ్లు అట్లాగే చెయ్యి పెట్టి చూస్తారు.

"గిప్పుడు కొడ్తున్నవ్" అన్నాడు. "ఇంతకుముందు ఉత్తగనే ఊపినవ్ గదా. పుల్ల చెక్కకు ఆనలే. చూసిన."

"మరి మంచిగున్నదని ఎందుకన్నవ్?"

"గింత కష్టపడి నా కోసం చేసినవ్. ఇనవడ్తలేదంటే నీ మనసు నొయ్యదా?"

నేను పుల్లను పెట్టె మీద వదిలేశాను. ఆయన జేబులోంచి మోపెడ్ తాళంచెవి తీసి నా పక్కన పెట్టాడు.

"ఇగ పాపను నువ్వే బడికి తీస్కపో. రేపు జగిత్యాల పోదాం పా."

ఇన్నాళ్లూ నేను వినాలనుకున్న మాటే అది. తలెత్తి ఆయన ముఖం చూడలేకపోయాను.