అటక మీద లైవ్

మాది భిలాయ్ ఉక్కు ఫ్యాక్టరీ కాలనీలో సెక్టర్ 7 క్వార్టర్. మొన్న వానాకాలంలో అటకంతా నల్లగా బూజు పట్టింది. ఆ వాసనకి నాన్న ఊపిరాడక ఒకటే దగ్గు. తప్పు కచ్చితంగా స్లాబుదేనని నాకు తెలిసిపోయింది. అలాంటివి నాకు చూడకుండానే తెలుస్తాయి. మెయింటెనెన్స్ వాళ్ల పరువు తీద్దామని ఫోన్‌లో లైవ్ పెట్టి నిచ్చెనెక్కాను.

"చూడండి భయ్యా, స్లాబు ఎలా కారుతోందో!" అని అరుస్తూ టార్చ్ వేశాను.

స్లాబు పొడిగా ఉంది. దాని కింద ఏదో గడ్డి తడితడిగా, బూజుతో బొచ్చు కట్టి కూర్చుంది.

"అమ్మా, ఇదేటి?"

"కూలర్ గడ్డే. వానలొచ్చీసాయి కదాని తీసీసి, తడిదే పైకి తోసీసాను. అరవకే, పక్కింటోళ్లు ఇంటారు!"

పక్కింటి దీదీ అప్పటికే లైవ్‌లో నవ్వే ఎమోజీలు పెడుతోంది. ఒళ్లు మండి గడ్డిని లాగితే ఆ నల్లపొడంతా నా మొహం మీదే పడింది. నా తుమ్ములు కూడా లైవ్‌లోనే వెళ్లాయి.

గడ్డి పారేసి, అటక కడిగి తుడిచి, మూసేసిన వెంటిలేటర్ తెరిచాక నాన్న దగ్గు తగ్గింది. వీడియో తీసేసినా కాలనీ మాత్రం మరవనివ్వడం లేదు. ఇప్పుడు ఎండలో కరకరలాడేదాకా ఆరితే గానీ అమ్మ ఏ వస్తువునీ అటక ఎక్కనివ్వదు. నన్నైతే ఎండబెట్టినా ఎక్కనివ్వదట.