తారానగర్ ఎక్స్‌రేలు

మొన్న అమ్మకు ఛాతీ ఎక్స్‌రే తీయించాను. కవరులోంచి ఫిల్ము లాగుతుంటే గరగరమన్న ఆ చప్పుడుకు అక్కడే బెంచీ మీద కూర్చుండిపోయాను. తన ఊపిరితిత్తులకేదో ముంచుకొచ్చిందని అమ్మ హడలిపోయింది. ఆమెకేమీ లేదు. నాకే వన్నూరప్ప సారు గుర్తొచ్చారు.

బళ్లారి గాంధీనగర్‌లో ఒక మందుల షాపు పైన రెండు గదులు, అదే ఆయన ఆఫీసు. ఆస్పత్రుల పాత రికార్డులను క్లౌడుకు ఎక్కించడం మా పని. నా మొదటి ఉద్యోగం అదే. అన్ని ఫైళ్లూ ఒక్క గంటలో ఎక్కవు, రోజుల తరబడి ఎక్కుతూనే ఉంటాయి. పని మొదలుపెట్టగానే క్లౌడు కంపెనీ దానికొక నంబరు ఇస్తుంది. ఆ నంబరు పట్టుకుని ఏపీఐ ద్వారా, అంటే మన ప్రోగ్రాము వాళ్ల కంప్యూటరుతో నేరుగా మాట్లాడే దారిలో, ఎందాకా వచ్చిందని అడుగుతూ ఉండాలి, కరెంటు పోయేలా ఉంటే ఆపాలి, వచ్చాక మళ్లీ నడపాలి. అదంతా చేసే స్క్రిప్టు, ఒక చిన్న ప్రోగ్రాము, నేనే రాశాను. రాసి తెగ మురిసిపోయాను కూడా.

సారుకు ఒక చాదస్తం ఉండేది. పని ముగిసిందని జవాబు వచ్చినా పాత డిస్కును చెరపనిచ్చేవారు కాదు. క్లౌడులో ఒక్కో ఊరి ఫోల్డరూ తెరిచి, కొన్ని ఫైళ్లలోని రోగుల పేర్లు నేను పైకి చదవాలి. ఆయన దగ్గుతూ, కళ్లు మూసుకుని వినేవారు.

"ముగిసిందని మిషన్ చెప్తాది లేమ్మా. ఏమేం ఎక్కలేదో మనమే అడగాల" అనేవారు.

ఒకరోజు విసుగొచ్చి, ఈ పేర్ల పారాయణం ఎందుకు సార్ అన్నాను.

"మా నాయన గనిలో లారీలకు మట్టి ఎత్తినోడు. సచ్చిపోయినాక పోయి అడిగితే, అట్లాంటోడు ఈడ పని చేసిందే లేదన్నారు. ఏ కాగితంలోనూ పేరు లేదు. చదువమ్మా నువ్వు."

సండూరు వైపు ఒక చిన్న ఆస్పత్రి మూతపడుతూ తన రికార్డులు మాకిచ్చింది. అన్నీ గని కూలీల ఛాతీ ఎక్స్‌రేలు. అసలు ఫిల్ములను వాటి మీది వెండి తీసుకునేవాళ్లు ఎప్పుడో తూకానికి పట్టుకుపోయారు. మిగిలింది వాటి స్కాన్లున్న ఒక్క డిస్కు. ధూళితో ఊపిరితిత్తులు పాడైనవాళ్లకు పరిహారం రావాలంటే అదే రుజువు. నాలుగో రోజు మధ్యాహ్నం పని ముగిసిందని నా స్క్రిప్టు చెప్పింది. సారు లేరు, దగ్గు ఎక్కువై డాక్టరు దగ్గరికి వెళ్లారు. డిస్కు కోసం ఆస్పత్రి మనిషి వచ్చి కూర్చున్నాడు. చోరనూరు ఫోల్డరు తెరిచి రెండు పేర్లు చదివాను. చాలనిపించింది. మా పద్ధతి ప్రకారం డిస్కును మళ్లీ తీయడానికి వీల్లేకుండా మూడుసార్లు చెరిపి ఇచ్చేశాను.

సారు తిరిగొచ్చి తెరిపిస్తే తారానగర్ ఫోల్డరు ఖాళీగా ఉంది. అక్కడి కాంపౌండరు ఫైళ్లకు కన్నడ లిపిలో పేర్లు పెట్టుకున్నాడు, మేం పెట్టిన అమరిక ఇంగ్లీషు పేర్లనే తీసుకునేది, అవి ఒక్కటీ క్లౌడుకు ఎక్కలేదు. ఎక్కనివి ఎన్ని అన్నది ముగిసిందన్న ఆ జవాబులోనే కింద రాసి ఉంది. దాన్ని చదివే లైను నా స్క్రిప్టులో నేను రాయనేలేదు.

"పేర్లు చదివితివా?" అని అడిగారు సారు.

"చదివినా సార్" అన్నాను. ఆయన చూస్తూనే ఉన్నారు. "అన్నీ కాదు సార్."

ఆయన తిట్టలేదు. ఆ వారమే నన్ను తారానగర్ తీసుకెళ్లారు. హులిగెమ్మ అనే ఆవిడ భర్త ఎర్రిస్వామి గనిలో పనిచేసి దగ్గుతో పోయాడు. పరిహారం విచారణకు ఆవిడ అతని ఎక్స్‌రే కోసమే కాచుకుని ఉంది.

"తెచ్చినావాప్పా?"

"లేదక్కా. మా ఆఫీసులో చెరిగిపోయింది. తప్పు మాదే" అన్నారు సారు.

"అది లేకపోతే బీడీ తాగి సచ్చినాడంటారు. ఆయన బీడీ ముట్టినోడు కాదప్పా" అంది ఆవిడ.

తప్పు మా ఆఫీసుదేనని సారు అక్కడే రాసి సంతకం పెట్టి ఇచ్చారు. ఆ కాగితం విచారణలో చెల్లలేదు. కానీ ఆ మాట అన్ని ఆస్పత్రులకూ పాకింది, ఏడాదిలోపే ఆఫీసు మూతపడింది. ఆ తర్వాతి ఎండాకాలం సారు కూడా పోయారు, ఆ దగ్గుతోనే.

తారానగర్ నుంచి తిరిగొస్తుంటే బస్సులో అడిగాను, నా పేరెందుకు చెప్పలేదని. నన్ను కాపాడానంటారనుకున్నాను.

"చెప్పుంటే ఆయమ్మ నిన్ను తిట్టేది. తిట్లు తిని నువ్వు మర్చిపోతావు" అన్నారు, కిటికీ వైపు తిరిగి.

ఇప్పుడు పెద్ద కంపెనీలో ఉన్నాను. ఒకేసారి ఇలాంటి పనులు ఎన్నో నడుపుతాను. నా స్క్రిప్టు ముందు ఏమేం ఎక్కలేదనే అడుగుతుంది. అయినా ఏదైనా చెరిపే ముందు ఫోల్డర్లు తెరిచి పేర్లు పైకి చదువుతాను. పక్క సీట్లవాళ్లు నవ్వుకుంటారు, నవ్వనీ. ఆఖరున ఆ ఫోల్డర్లలో ఎక్కడా లేని ఎర్రిస్వామి పేరు కూడా చదువుతాను. హులిగెమ్మ నన్ను ఇంతవరకూ తిట్టలేదు. ఆమెకు నా పేరు తెలియదు.