మా బావ బస్సులో తిప్పిన కుందేలు

నిన్న పొద్దున్న కొట్టు షట్టర్ సగం ఎత్తాను. అక్క ఫోన్ చేసింది.

ఏడుపు తప్ప మాట వినబడలేదు. పక్కింటావిడ ఫోన్ తీసుకుని చెప్పింది. మా బావ లేడు.

టీ తాగి అరుగు మీద కూర్చున్నాడట. అలాగే పక్కకి ఒరిగిపోయాడట. హార్ట్ ఎటాక్. యాభై రెండేళ్ళు.

ఇంకా నమ్మబుద్ధి కావట్లేదు.

మా బావ అప్పలనాయుడు మీలో చాలామందికి తెలుసు. శ్రీకూర్మం దగ్గర రెండెకరాల వరి. ఎవరింట్లో పెళ్ళైనా వంటల దగ్గర ఆయనే. ఆ మంచితనం గురించి మీరంతా నిన్నటి నుంచి మన వాట్సాప్ గ్రూపులో రాస్తున్నారు.

నేను రాయాల్సింది వేరే. రాస్తే నా పరువు పోతుంది. పోనీ.

మూడేళ్ళ క్రితం మా పాప హాసిని పుట్టినరోజుకి ఒక కుందేలు కొన్నాను. తెల్లది. పేరు జున్ను. కుందేలు కంటే దాని బోనుకి రెట్టింపు అయింది. అక్కడే నాకు కాలింది.

ఇక దాని తిండికి పైసా పెట్టకూడదని డిసైడ్ అయ్యాను. మాది విజయనగరంలో కిరాణా కొట్టు. ఇంత సరుకు పెట్టుకుని గడ్డి కొనడమేంటి?

నూకలు, అటుకులు, పుట్నాల పప్పు, విరిగిన బిస్కెట్లు. పెట్టినవన్నీ తినేది. ఫ్రీగా పెంచేస్తున్నానని కస్టమర్లకి గొప్పలు చెప్పేవాణ్ణి.

మధ్యలో ఒకరోజు ఫ్రిజ్ వైరు కొరికేసింది. ఐస్‌క్రీములన్నీ కరిగి కారిపోయాయి. అప్పట్నుంచి దాని మొహం చూస్తే నాకు ఒళ్ళు మంట.

ఏడాది తిరిగేసరికి అది తినడం మానేసింది. నోట్లోంచి ఒకటే చొంగ. పశువుల డాక్టర్ దాని నోరు తెరిచి చూపించారు. పళ్ళు పెరిగిపోయి వంకర తిరిగాయి.

కుందేలు పళ్ళు బతికున్నంత కాలం పెరుగుతూనే ఉంటాయట. గడ్డి నమిలితేనే అరుగుతాయట. మెత్తటివి పెట్టి మీరే పాడుచేశారు, ఇక నెలా నెలన్నరకోసారి కత్తిరించాల్సిందే అన్నారు.

ఫీజు, పెట్రోలు, పైగా సగం రోజు కొట్టు మూత.

తర్వాతి ఆదివారమే తీసుకెళ్ళి బావ ఇంట్లో దింపేశాను. గట్ల మీద గడ్డి తిని పడుంటుంది, రూపాయి ఖర్చుండదు అని చెప్పాను. పళ్ళ సంగతి చెప్పలేదు.

మర్చిపోయి కాదు. చెబితే తీసుకోడేమోనని.

నెల తిరగ్గానే బావ ఫోన్. వాళ్ళకి నాట్ల టైమ్. నా కొట్టులో నలుగురు కస్టమర్లున్నారు. చేతులు ఖాళీ లేక స్పీకర్ పెట్టాను.

“ఒరే శీనూ, ఇది తినట్నేదురా. సొల్లు కారస్తన్నాది. ఏటి సెయ్యాల?”

ఏం చెయ్యాలో నాకు తెలుసు.

“కూర వండేసుకో బావా” అన్నాను.

కొట్టంతా నవ్వారు. బావ నవ్వలేదు. “సర్లే, నాను సూసుకుంతాను” అని పెట్టేశాడు.

ఆ తర్వాత ఎప్పుడూ నన్ను అడగలేదు. అడగకపోతే నాకు హాయిగానే ఉండేది. అదీ నిజమే.

మిగతాదంతా నిన్న అక్క చెబితే తెలిసింది.

రెండేళ్ళుగా, నెలా నెలన్నరకోసారి, జున్నుని వెదురు బుట్టలో పెట్టి, పైన తువ్వాలు కప్పి, బస్సెక్కి శ్రీకాకుళం పశువుల ఆసుపత్రికి తీసుకెళ్ళేవాడట. ఆ రోజుకి పొలం పని పోయినట్టే.

బస్సులో వాళ్ళు బుట్టలోకి తొంగి చూసి, కూరకేనా నాయుడూ అనేవాళ్ళట. కాదు, పళ్ళ డాక్టరు దగ్గరికి అనేవాడట బావ. బస్సంతా నవ్వేదట.

తన పన్ను మాత్రం ఏడాదిగా సలుపుతున్నా లవంగం పెట్టుకుని సరిపెట్టుకున్నాడట. ఆ లవంగాలు నా కొట్టువే. వచ్చినప్పుడల్లా డబ్బులిచ్చి మరీ కొనుక్కెళ్ళేవాడు. నేను తీసుకునేవాణ్ణి.

నిన్న సాయంత్రం అంతా అయిపోయాక, హాసిని బోను దగ్గర్నుంచి లేచి వచ్చింది. వాళ్ళత్త పక్కన కూర్చుని అడిగింది.

“అత్తా, జున్నుకి నాన్న పంపే డబ్బులు సరిపోతున్నాయా?”

నేను ఒక్కసారి కూడా రూపాయి పంపలేదు.

బావే చెప్పాడట పాపకి. ఆదివారం వీడియో కాల్‌లో జున్నుని చూపించి, మీ నాన్నే అన్నీ పంపుతున్నాడు, వెళ్ళి థాంక్స్ చెప్పు అనేవాడట. కాల్ అవగానే పాప పరిగెత్తుకొచ్చి “థాంక్స్ నాన్నా” అనేది. ఫోన్ ఇచ్చినందుకు అనుకునేవాణ్ణి.

అక్క నా వైపు చూసింది. భర్తని సాగనంపి మూడు గంటలు కాలేదు.

“సరిపోతన్నాయమ్మా” అంది.

అక్కడ అంతమంది ఉన్నారు. ఒక్కరి మొహం కూడా చూడలేకపోయాను. సిగ్గుతో చచ్చిపోయాను.

బయల్దేరేటప్పుడు అక్క, ఇక నేనెక్కడ బస్సులెక్కి తిరగగలను, దీన్ని పట్టుకెళ్ళు అంది. అంతే. నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అని ఉంటే బావుండేది.

ఈ రోజు కొట్టు తెరవలేదు. పాపని కూర్చోబెట్టి మొత్తం చెప్పాను. నూకల దగ్గర్నుంచి, డాక్టర్ చెప్పింది దాచడం వరకూ. కూర మాట కూడా.

ఆ మాట దగ్గర నా వైపు చూడటం మానేసింది. జున్నుని ఒళ్ళోకి తీసుకుంది. పదకొండేళ్ళ పిల్ల.

చివరికి అంది, “అయితే నేను చెప్పిన థాంక్స్‌లన్నీ మావయ్యవి. మావయ్యకి ఇచ్చెయ్.”

ఎలా ఇవ్వాలో తెలీక ఇక్కడ రాస్తున్నాను బావా.

రెండేళ్ళ ఆదివారాలవి. అన్నీ నీవే. నేను ఊరికే తీసుకున్నాను. మనవాళ్ళందరి ముందూ ఒప్పుకుంటున్నాను.

హాయిగా నిద్రపో బావా. నీకు శాంతి దొరకాలి.

నాకు మాత్రం ఇప్పట్లో దొరక్కూడదు.